ఆటోఇమ్యూన్ జబ్బులకు రక్తపరీక్షలు: ఏది, ఎప్పుడు, ఎలా చేయించుకోవాలి

బెంగళూరులో ఏఎన్ఏ పరీక్ష (సొంత కణాల కేంద్రకం మీద తిరగబడే యాంటీబాడీల కోసం రక్తంలో చూసేది) చేయించుకోవడానికి ఇప్పుడు డాక్టర్ చీటీ కూడా అక్కర్లేదు. ఫోన్లో ప్యాకేజీ బుక్ చేస్తే మర్నాడు పొద్దున్నే మారతహళ్లి అయినా, ఎలక్ట్రానిక్ సిటీ అయినా ఇంటికొచ్చి రక్తం తీసుకెళతారు. రిపోర్టు వాట్సాప్‌లో వచ్చేస్తుంది. అందులో ‘ఏఎన్ఏ పాజిటివ్’ అని చూసి, ఒంట్లో ఏ బాధా లేకపోయినా నిద్ర మానేసేవాళ్లు చాలామంది. ఇంకోవైపు అనంతపురం నుంచి, హిందూపురం నుంచి, మదనపల్లె నుంచి కీళ్లనొప్పులతో వచ్చేవాళ్లలో, కీళ్లవాతం పరీక్ష చూసి ‘ఆర్ఏ ఫ్యాక్టర్ నెగెటివ్, నీకేం లేదు పో’ అన్న మాట నమ్మి ఏళ్లు గడిపేసి, వేళ్లు వంకరపోయాక గానీ సరైన డాక్టర్ దగ్గరకు చేరనివాళ్లు ఉంటారు. రెండు చోట్లా జరిగిన తప్పు ఒకటే. ముందు అనుమానం, తర్వాత పరీక్ష అన్న వరస తప్పింది.

ఆటోఇమ్యూన్ జబ్బంటే బయటి క్రిములతో పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ సొంత శరీరం మీదే తిరగబడటం. ఆ క్రమంలో సొంత కణాలకు వ్యతిరేకంగా తయారయ్యే యాంటీబాడీలను ఈ పరీక్షలు పట్టుకుంటాయి. అయితే యాంటీబాడీ వేరు, జబ్బు వేరు. జబ్బు లేనివాళ్లలో యాంటీబాడీ కనిపించవచ్చు, జబ్బున్నవాళ్లలో కనిపించకపోవచ్చు. లక్షణాలు, డాక్టర్ చేతితో చూసే పరీక్ష, మామూలు రక్త, మూత్ర పరీక్షలు, ఆ తర్వాతే యాంటీబాడీలు: ఈ నాలుగూ ఈ వరసలో కలిసినప్పుడే జబ్బు పేరు తేలుతుంది. అందుకే ఈ మార్గదర్శి రక్తం తీయడంతో మొదలవదు.

మొదటి అడుగు: లక్షణాలు కాగితం మీద పెట్టండి

డాక్టర్ గదిలో దొరికేది పది నిమిషాలు. అప్పటికప్పుడు గుర్తు చేసుకుంటే సగం పోతాయి. ముందురోజే రాసుకోండి.

కీళ్ల గురించి: ఏ కీళ్లు, రెండు వైపులా ఒకేలా ఉందా, వాపు ఉందా లేక నొప్పి ఒక్కటేనా, ఎన్ని వారాలుగా. అన్నిటికన్నా విలువైన ప్రశ్న, పొద్దున లేచాక కీళ్లు బిగుసుకుపోయి ఎంతసేపటికి వదులుతున్నాయి అన్నది. పది నిమిషాల్లో సర్దుకునే పట్టు అరుగుదలలోనూ ఉంటుంది. అరగంట, గంట దాటి, కుళాయి తిప్పడానికీ పాలప్యాకెట్ కత్తిరించడానికీ చేతులు సహకరించకపోతే అది వాపుతో కూడిన కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థ్రయిటిస్ లాంటిది) వైపు చూపిస్తుంది. 6 వారాలు దాటిన వాపుకు బరువు ఎక్కువ. ఎందుకంటే వైరస్ జ్వరాల తర్వాత వచ్చే కీళ్లనొప్పులు చాలామందిలో ఆలోపు తగ్గుతాయి. చికెన్‌గున్యా మాత్రం ఈ లెక్కకు లొంగదు, నెలల తరబడి అచ్చం కీళ్లవాతంలాగే వేధిస్తుంది. కాబట్టి గత ఏడాదిలో ఒళ్లునొప్పులతో తీవ్రమైన జ్వరం వచ్చి ఉంటే ఆ నెల కూడా రాయండి.

కీళ్లు కాకుండా ఇంకేం రాయాలి? ఎండలోకి వెళితే ముఖం మీద వచ్చే ఎర్ర దద్దుర్లు, తరచూ వచ్చే నోటిపూత, కుచ్చులుగా జుట్టు ఊడటం, కళ్లలో ఇసుక పడ్డట్టు మంట, నీళ్లు తాగకుండా ఇడ్లీ కూడా దిగనంత నోరు ఎండటం. డిసెంబరు చలిలో బండి నడిపితే వేళ్లు తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా, ఆ పైన ఎర్రగా మారుతుంటే ఒక ఫొటో తీసి పెట్టుకోండి. మీరు క్లినిక్‌కు వెళ్లేసరికి ఆ రంగు ఉండదు. దద్దుర్లకూ అంతే. మూత్రంలో తగ్గని నురగ, కాళ్ల వాపు, కాళ్లలో రక్తం గడ్డకట్టడం, గర్భస్రావాలు అయితే ఎన్నో వారంలో అయ్యాయన్నది, ఇంట్లో థైరాయిడ్, కీళ్లవాతం, లూపస్ (చర్మం, కీళ్లు, మూత్రపిండాలు ఇలా చాలా అవయవాలను పట్టే ఆటోఇమ్యూన్ జబ్బు), సోరియాసిస్ ఎవరికున్నాయన్నది రాయండి.

వాడిన మందులన్నీ చెప్పాలి. టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్, బీపీకి వాడే హైడ్రలజైన్, మొటిమలకు ఇచ్చే మినోసైక్లిన్ లూపస్‌ను పోలిన స్థితినీ, ఏఎన్ఏ పాజిటివ్‌నూ తెచ్చిపెట్టగలవు. ఊళ్లో ‘కీళ్లనొప్పులకు మంచి పొడి’ అని వాడుతుంటే అది కూడా. ఇలాంటివాటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటే వాపు అణిగిపోయి పరీక్షలు అబద్ధం చెబుతాయి.

కొన్ని లక్షణాలకు పరీక్షల ఫలితం కోసం ఎదురుచూడకూడదు. ఆయాసం, దగ్గులో రక్తం, మూత్రం బాగా తగ్గి ఒళ్లు వాయడం, ఫిట్స్, ఉన్నట్టుండి చూపు మందగించడం, మూతి వంకరపోవడం, గుటక పడకపోవడం. వీటిలో ఏది ఉన్నా నేరుగా పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.

రెండో అడుగు: పునాది పరీక్షలు

ఇవి చవక, ఎక్కడైనా దొరుకుతాయి, చాలాసార్లు ఖరీదైన యాంటీబాడీ పరీక్షల కన్నా ఎక్కువ చెబుతాయి. చాలా ప్యాకేజీలు వీటిని పక్కన పెట్టి యాంటీబాడీల మీదే పడతాయి. అది తలకిందుల పద్ధతి.

సీబీపీలో (రక్తకణాల లెక్క) తెల్లకణాలు 4,000 కన్నా, ప్లేట్‌లెట్లు 1 లక్ష కన్నా తగ్గడం లూపస్‌లో లెక్కలోకి వచ్చే మార్పులు. అయితే ప్లేట్‌లెట్లు అనుకోకుండా 40,000 అని వస్తే కంగారు పడేముందు ఒక పని చేయాలి. కొందరి రక్తంలో ఊదారంగు మూత ట్యూబులోని ఈడీటీఏ అనే, రక్తం గడ్డకట్టనివ్వని రసాయనం వల్ల ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. యంత్రం ఆ గుంపును లెక్కపెట్టలేక తక్కువ చూపిస్తుంది. స్లైడు మీద స్మియర్ చూసి, నీలంమూత సిట్రేట్ ట్యూబులో మళ్లీ లెక్కిస్తే నిజం బయటపడుతుంది.

ఈఎస్ఆర్ అంటే గంటలో ఎర్రకణాలు ఎంత కిందికి దిగాయన్న కొలత, ఒంట్లో వాపు ఉంటే పెరుగుతుంది. దీన్ని చూడటానికి ఒక మోటు లెక్క ఉంది. మగవాళ్లకు వయసులో సగం, ఆడవాళ్లకు వయసుకు 10 కలిపి అందులో సగం. అంటే 30 ఏళ్ల ఆమెకు 20 దాకా సరే, 60 ఏళ్ల ఆమెకు 35 దాకా సరే. రక్తహీనత, గర్భం, టీబీ, ఏ ఇన్ఫెక్షన్ అయినా దీన్ని పెంచుతాయి. హిమోగ్లోబిన్ 8 ఉన్న మనిషికి ఈఎస్ఆర్ 60 వచ్చిందని కీళ్లవాతం అనేయడం కుదరదు. రక్తం తీసిన 4 గంటల్లోపు ఈ పరీక్ష మొదలుపెట్టాలి, లేకపోతే అంకె తగ్గిపోతుంది. సాయంత్రం ట్రాఫిక్‌లో ఊరు దాటి వెళ్లే శాంపిల్‌కు ఇది నిజమైన ఇబ్బంది.

సీఆర్పీని, అంటే వాపు ఉన్నప్పుడు రక్తంలో పెరిగే ప్రొటీన్‌ను, ఈఎస్ఆర్ పక్కన పెట్టి చదవాలి. కీళ్లవాతంలో సాధారణంగా రెండూ పెరుగుతాయి. లూపస్‌లో ఈఎస్ఆర్ బాగా పెరిగినా సీఆర్పీ తరచు మామూలుగానే ఉంటుంది. లూపస్ మనిషికి జ్వరంతో పాటు సీఆర్పీ ఎగబాకితే ముందు ఇన్ఫెక్షన్ కోసం వెతకాలి. గుండె, ఊపిరితిత్తుల పొరల వాపు కూడా అలా చేయగలదు.

క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు), కాలేయ పరీక్షలు, సీకే (కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్) ఒకేసారి చేయించండి. కాలేయ పరీక్షల్లో చూసే ఏఎస్టీ, ఏఎల్టీ ఎంజైమ్‌లు కాలేయంలోనే కాదు, కండరాల్లోనూ ఉంటాయి. కుర్చీలోంచి లేవలేక, చేయెత్తి తల దువ్వుకోలేక బాధపడే మనిషికి ఈ రెండూ పెరిగితే సీకే చూడాలి. చూడకపోతే కండరాల వాపు జబ్బుకు నెలల తరబడి కాలేయం మందులు వాడిస్తారు.

మూత్రపరీక్ష రక్తపరీక్ష కాదు గానీ దాన్ని వదిలేస్తే ఈ వ్యవహారమంతా వృథా. లూపస్, వాస్కులైటిస్ (రక్తనాళాల వాపు) నొప్పి లేకుండా మూత్రపిండాలను తినేస్తాయి. నెలసరి రోజుల్లో కాకుండా, పొద్దున మొదటి మూత్రం, మధ్యధారలో పట్టి, గంట రెండు గంటల్లోపు ల్యాబుకు ఇవ్వాలి. ఆలస్యమైతే ఎర్రకణాలు, మూత్రపిండం దెబ్బకు గుర్తుగా కనిపించే వాటి అచ్చులు (క్యాస్టులు) కరిగిపోతాయి. ప్రొటీన్ కనిపిస్తే ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి చేయించాలి. అది 0.5 దాటితే రోజుకు దాదాపు అర గ్రాము ప్రొటీన్ పోతోందని అర్థం, అక్కడి నుంచి ఆలస్యం పనికిరాదు.

హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి పరీక్షలను అవమానంగా తీసుకోకండి. హెపటైటిస్ సి ఒక్కటే కీళ్లనొప్పులూ ఆర్ఏ ఫ్యాక్టర్ పాజిటివూ రెండూ తేగలదు. టీబీ, కుష్ఠు కూడా ఈ యాంటీబాడీలను పుట్టిస్తాయి. పైగా రేపు ఇచ్చే మందులు నిరోధక శక్తిని తగ్గిస్తాయి కాబట్టి ఈ ఫలితాలు ఎలాగూ కావాలి.

మూడో అడుగు: రక్తం ఇచ్చే ముందు, ఇచ్చేటప్పుడు

ఏఎన్ఏ, ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ (కీళ్లవాతానికి చూసే మరో యాంటీబాడీ), థైరాయిడ్ యాంటీబాడీలకు పరగడుపు అక్కర్లేదు. అయితే నెయ్యి దోసె తిని వెంటనే ఇస్తే సీరం (రక్తం గడ్డకట్టాక విడే ద్రవం) పాలలా తెల్లబడి కొన్ని యంత్రాలను ఇబ్బంది పెడుతుంది. తేలికగా తిని, నీళ్లు బాగా తాగి వెళ్లండి. షుగర్, కొలెస్ట్రాల్ కలిపి ఇస్తుంటేనే పరగడుపు.

జుట్టు ఊడుతోందని బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్లు ఈ పేరా రెండుసార్లు చదవాలి. పెద్దవాళ్లకు రోజుకు కావాల్సిన బయోటిన్ 30 మైక్రోగ్రాములు. జుట్టు మాత్రల్లో 5,000 నుంచి 10,000 దాకా ఉంటుంది. యాంటీబాడీలు, హార్మోన్లు కొలిచే చాలా ఇమ్యునోఎస్సే యంత్రాలు బయోటిన్, స్ట్రెప్టావిడిన్ జంట మీదే పనిచేస్తాయి. రక్తంలో అది ఎక్కువైతే టీఎస్‌హెచ్ అబద్ధంగా తగ్గి, టీ4తో పాటు గ్రేవ్స్ జబ్బును (థైరాయిడ్ అతిగా పనిచేసే ఆటోఇమ్యూన్ జబ్బు) చూపే టీఎస్‌హెచ్ రిసెప్టార్ యాంటీబాడీ అబద్ధంగా పెరుగుతుంది. కాగితం మీద అచ్చమైన గ్రేవ్స్ జబ్బు, మనిషికి ఏమీ ఉండదు. కనీసం 2 రోజుల ముందు ఆ మాత్ర ఆపండి. ఎక్కువ మోతాదు వాడేవాళ్లు ఎన్నాళ్లు ఆపాలో డాక్టర్‌ను అడగండి.

స్టెరాయిడ్ వాడుతుంటే పరీక్ష కోసం మీ అంతట మీరు ఆపకండి. అది ప్రమాదం. వాడుతున్నామని, ఎప్పటి నుంచి ఎంత మోతాదో చీటీ మీద రాయించండి. ఇంకా మొదలుపెట్టకపోతే, ప్రాణాపాయం లేనంతవరకు, రక్తం ఇచ్చాకే మొదలుపెట్టడం మేలు. ఈమధ్య ఐవీఐజీ (దాతల రక్తం నుంచి తీసి నరంలోకి ఎక్కించే యాంటీబాడీల మందు) ఎక్కించి ఉంటే ఆ విషయం తప్పక చెప్పాలి. అందులో వేలమంది దాతల యాంటీబాడీలు ఉంటాయి. వారాల తరబడి అవి మీవేనన్నట్టు పరీక్షలో కనిపిస్తాయి.

ఇంటికొచ్చి రక్తం తీసేటప్పుడు మీరు చూడాల్సినవి నాలుగే. ట్యూబు మీద పేరు, వయసు మీ ఎదుటే, రక్తం తీసిన వెంటనే అంటించాలి. నీలంమూత ట్యూబు ముందు, తర్వాత ఎరుపు లేదా పసుపు మూత, ఆ తర్వాత ఊదా, చివర షుగర్‌కు బూడిదరంగు. ఒక ట్యూబులో తక్కువైందని ఇంకో ట్యూబులోంచి పోయకూడదు. నీలంమూత ట్యూబు గీత దాకా నిండాలి. ఇందులో సిట్రేట్ 1 వంతుకు రక్తం 9 వంతులు ఉండాలి: 0.3 మిల్లీలీటర్ల సిట్రేట్‌కు 2.7 రక్తం. సగమే నింపితే సిట్రేట్ ఎక్కువై గడ్డకట్టే సమయం అబద్ధంగా పెరుగుతుంది.

ఎర్రమూత ట్యూబు అరగంట నిలువుగా నిలబెడితే రక్తం గడ్డకట్టి సీరం విడుతుంది. ఆపైన సెంట్రిఫ్యూజ్ తిప్పాలి. ఇంటి నుంచి తీసిన శాంపిల్ గంటల తరబడి బ్యాగులో ఊగుతూ వెళితే ఎర్రకణాలు పగిలి సీరం ఎర్రబడుతుంది. యాంటీబాడీ పరీక్షలు దీన్ని చాలావరకు తట్టుకుంటాయి గానీ ఎల్‌డీహెచ్, పొటాషియం, ఏఎస్టీ తట్టుకోలేవు.

రెండు పరీక్షలకు మాత్రం ఇంటికి పిలిపించుకోవద్దు, నేరుగా పెద్ద ల్యాబుకే వెళ్లండి. ఒకటి లూపస్ యాంటీకోయాగ్యులెంట్, దాని సంగతి తర్వాత. రెండోది క్రయోగ్లోబులిన్. ఇవి చలికి గడ్డకట్టి, వెచ్చదనానికి కరిగే ప్రొటీన్లు. రక్తాన్ని ముందే వెచ్చబెట్టిన ట్యూబులోకి తీసి, 37 డిగ్రీల దగ్గరే గడ్డకట్టనిచ్చి, 37 డిగ్రీల దగ్గరే సీరం వేరుచేయాలి. ఆ తర్వాత ఆ సీరాన్ని 4 డిగ్రీల దగ్గర మూడు నుంచి ఏడు రోజులు ఉంచి అడుగున తెల్లటి మడ్డి చేరుతుందేమో చూస్తారు. ఐస్‌ప్యాకుల డబ్బాలో వెళ్లిన శాంపిల్‌లో ఆ ప్రొటీన్ ముందే గడ్డతో కలిసి అడుగుకు పోతుంది. రిపోర్టు నెగెటివ్ అని వస్తుంది, దానికి విలువ లేదు. ల్యాబుకు ఫోన్ చేసి ‘37 డిగ్రీల ఏర్పాటు మీ దగ్గర ఉందా’ అని అడగండి. తడబడితే ఇంకోచోటికి వెళ్లండి.

నాలుగో అడుగు: ఏఎన్ఏ

లూపస్, షోగ్రెన్ (కళ్లు, నోరు ఎండిపోయే జబ్బు), స్క్లెరోడెర్మా (చర్మం గట్టిపడే జబ్బు) లాంటి జబ్బుల అనుమానం ఉంటేనే ఇది చేయించాలి. వట్టి నడుంనొప్పికి, అలసటకు, ‘ఎందుకైనా మంచిది’ అని చేయించవద్దు. చీటీ మీద ఇలా రాయించండి: ఏఎన్ఏ, ఐఎఫ్ఏ పద్ధతి (మెరుపును మైక్రోస్కోపులో చూసేది), హెప్-2 కణాల మీద, టైటర్, ప్యాటర్న్‌తో సహా. వట్టి ‘ఏఎన్ఏ’ అని రాస్తే కొన్ని ల్యాబులు ఎలైసా చేసి 1.3 అని ఒక అంకె ఇస్తాయి. ఎలైసాలో కొన్ని ఎంచిన యాంటిజెన్‌లే (యాంటీబాడీ అతుక్కునే పదార్థాలే) ఉంటాయి, ఐఎఫ్ఏలో మొత్తం కణం ఉంటుంది. రెండు పద్ధతుల అంకెలను ఒకదాంతో ఒకటి పోల్చలేం.

ల్యాబులో జరిగేది తెలిస్తే రిపోర్టు అర్థమవుతుంది. హెప్-2 అనే మానవ కణాలు అతికించిన గాజు స్లైడు మీద, పలచన చేసిన మీ సీరం వేసి దాదాపు అరగంట ఉంచుతారు. కడుగుతారు. కణం మీద అతుక్కున్న మీ యాంటీబాడీలను పట్టుకునే, ఆకుపచ్చగా మెరిసే రంగు వేసి మళ్లీ అరగంట. మళ్లీ కడిగి ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోపు కింద చూస్తారు. మెరిస్తే సీరాన్ని ఇంకా పలచన చేస్తారు, ఇంకా, ఇంకా. ఏ పలచన దాకా మెరుపు కనిపించిందో అదే టైటర్. 1:80 అంటే 80 రెట్లు పలచన చేసినా కనిపించింది అని. కాబట్టి 1:640 అన్నది 1:80 కన్నా బలమైన ఫలితం. కింది అంకె పెద్దదైతే తక్కువనుకునేవాళ్లు ఉన్నారు, అది తిరగేసిన అర్థం.

కొన్ని కిట్లు 1:100తో మొదలై 1:320, 1:1000 అని వెళతాయి. కొన్ని ల్యాబులు టైటర్ ఇవ్వకుండా ఒక ప్లస్ నుంచి నాలుగు ప్లస్‌ల దాకా మెరుపు తీవ్రత మాత్రమే ఇస్తాయి. అది చూసే కంటిని బట్టి మారుతుంది. అలాంటి రిపోర్టు వస్తే టైటర్ అడగడం మీ హక్కు.

ఇప్పుడు ఆందోళన తగ్గించే అంకెలు. 1997లో ప్రచురించిన ఒక బహుళదేశ అధ్యయనంలో పూర్తి ఆరోగ్యవంతుల్లోనే 1:40 దగ్గర దాదాపు 32 శాతం, 1:80 దగ్గర 13 శాతం, 1:160 దగ్గర 5 శాతం, 1:320 దగ్గర 3 శాతం మందికి ఏఎన్ఏ పాజిటివ్ వచ్చింది. మీ ఆఫీసులో ఒక అంతస్తు మొత్తానికి ఈ పరీక్ష చేస్తే ఎంతమంది బెదిరిపోతారో ఊహించుకోండి. మరోవైపు లూపస్ ఉన్నవాళ్లలో 95 శాతానికి పైగా ఇది పాజిటివ్ వస్తుంది. 2019లో యూరప్, అమెరికా రుమటాలజీ (కీళ్లు, ఆటోఇమ్యూన్ జబ్బుల వైద్యం) సంఘాలు కలిసి ఇచ్చిన లూపస్ వర్గీకరణలో 1:80 గడప మాత్రమే. దాటాక లోపల లక్షణాలకు, ఇతర పరీక్షలకు పాయింట్లు వేసి 10 రావాలి. అంటే ఏఎన్ఏ నెగెటివ్ అయితే లూపస్‌ను దాదాపు పక్కన పెట్టవచ్చు. పాజిటివ్ అయితే వెతకడం అప్పుడే మొదలవుతుంది.

ప్యాటర్న్ కూడా చదవండి. రిపోర్టులో ఏసీ-1, ఏసీ-4 లాంటి సంకేతాలు ఉంటే అది మంచి ల్యాబు లక్షణం, అంతర్జాతీయంగా ఒప్పుకున్న పేర్లు అవి. కింద వచ్చే డీఎస్ డీఎన్ఏ, ఆర్ఓ, ఎస్ఎం లాంటివి యాంటీబాడీ పట్టుకునే కణంలోని పదార్థాల పేర్లు, ఆ యాంటీబాడీలనూ అవే పేర్లతో పిలుస్తారు. ఏసీ-1, మొత్తం కేంద్రకం సమంగా మెరవడం, డీఎస్ డీఎన్ఏ, హిస్టోన్ వైపు చూపిస్తుంది. ఏసీ-3, విడివిడి చుక్కలు, సెంట్రోమియర్: చేతివేళ్ల చర్మం గట్టిపడే రకం స్క్లెరోడెర్మా. ఏసీ-4, సన్న చుక్కలు, ఆర్ఓ, ఎల్ఏ: షోగ్రెన్, లూపస్. ఏసీ-5, ముతక చుక్కలు, ఎస్ఎం, ఆర్ఎన్పీ. ఏసీ-2 అని, డీఎఫ్ఎస్70 అని వస్తే, వేరే యాంటీబాడీ ఏదీ లేకపోతే, ఊపిరి పీల్చుకోండి. ఇది ఆరోగ్యవంతుల్లో తరచు కనిపించే రకం. ప్యాటర్న్ దారి చూపుతుంది, తీర్పు చెప్పదు.

ఒక మెలిక ఉంది. ఆర్ఓ, జో-1, రైబోసోమల్ పీ యాంటీబాడీలు ఉన్నా ఏఎన్ఏ నెగెటివ్ రావచ్చు. జో-1, రైబోసోమల్ పీ అసలు కేంద్రకంలో కాక బయటి సైటోప్లాజంలో మెరుస్తాయి. కొన్ని ల్యాబులు దాన్ని ‘నెగెటివ్’ అని కొట్టేస్తాయి. కళ్లు నోరు ఎండిపోతున్నా, కండరాలు బలహీనపడి ఊపిరితిత్తులు మచ్చబడుతున్నా, ఏఎన్ఏ నెగెటివ్ దగ్గర ఆగకూడదు.

ఐదో అడుగు: పాజిటివ్ వచ్చాక

ఏఎన్ఏ ప్రొఫైల్ లేదా బ్లాట్ అంటే ఒక సన్నటి పట్టీ మీద పదిహేను పద్దెనిమిది యాంటిజెన్‌లు గీతలుగా ఉంటాయి. మీ సీరంలో దేనికి యాంటీబాడీ ఉంటే ఆ గీత ముదురుతుంది. ఒక ప్లస్ గీతలను ఎక్కువగా నమ్మకండి. ఏఎన్ఏ నెగెటివ్‌గా ఉండి, బ్లాట్‌లో ఏదో ఒక గీత లేతగా కనిపిస్తే చాలాసార్లు అది అర్థంలేని గీతే.

లూపస్ అనుమానంలో అసలైనవి డీఎస్ డీఎన్ఏ, ఎస్ఎం. డీఎస్ డీఎన్ఏ ఎలైసాలో కొద్దిగా పాజిటివ్ వస్తే క్రితిడియా పద్ధతిలో మళ్లీ చూడమనండి. క్రితిడియా అన్నది ఒక ఏకకణ జీవి, దాని ఒంట్లో ఒక చోట శుద్ధమైన డీఎన్ఏ ముద్ద ఉంటుంది. అది మెరిస్తే ఆ ఫలితం గట్టిది. దీంతో పాటు సీ3, సీ4 అనే కాంప్లిమెంట్ ప్రొటీన్లు (రోగనిరోధక వ్యవస్థ వాడుకునేవి) చూడాలి. సీ3 సాధారణంగా 90 నుంచి 180, సీ4 10 నుంచి 40, డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో. జబ్బు రేగినప్పుడు ఇవి ఖర్చయి తగ్గుతాయి. డీఎస్ డీఎన్ఏ ఎక్కుతూ, సీ3, సీ4 దిగుతూ ఉంటే వారంలో మూత్రం చూడాలి.

ఎస్‌సీఎల్-70 ఉంటే ఊపిరితిత్తుల సీటీ, శ్వాస పరీక్ష కావాలి. సెంట్రోమియర్ ఉంటే ఎకో (గుండె స్కాన్). ఆర్ఓ ఉన్న ఆడవాళ్లు గర్భం ఆలోచనలో ఉంటే, జబ్బు లక్షణాలు ఏమీ లేకపోయినా, ప్రసూతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఆ యాంటీబాడీ మాయ దాటి బిడ్డ గుండె కొట్టుకునే దారిని దెబ్బతీసే అవకాశం 1 నుంచి 2 శాతం. చిన్న అంకే, కానీ 16 నుంచి 26 వారాల మధ్య బిడ్డ గుండెను స్కాన్లలో గమనించడానికి అదొక్కటే చాలిన కారణం.

కీళ్లకు: ఆర్ఏ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ

రెండూ కలిపే చేయించండి. ఆర్ఏ ఫ్యాక్టర్ కీళ్లవాతం ఉన్నవాళ్లలో దాదాపు 70 శాతం మందికే వస్తుంది. వయసు పెరిగేకొద్దీ జబ్బు లేకుండానే కనిపిస్తుంది. యాంటీ సీసీపీ కూడా అందరినీ పట్టుకోదు, కానీ పట్టుకుంటే దాదాపు 95 శాతం నమ్మకంతో చెబుతుంది, ఒక్కోసారి వాపు రాకముందే. క్షయ ఉన్నవాళ్లలో ఇదీ అప్పుడప్పుడు మోసం చేస్తుంది. రెండూ నెగెటివ్ అయినా కీళ్లు నిజంగా వాచి ఉంటే అది కీళ్లవాతమే కావచ్చు. అప్పుడు అల్ట్రాసౌండ్, డాక్టర్ వేళ్లు తేలుస్తాయి.

అంకె చదివే పద్ధతి ఇది. యాంటీ సీసీపీకి ఒక కంపెనీ యంత్రంలో హద్దు 5, ఇంకోదాంట్లో 17, మరోదాంట్లో 20. మీ ఫలితం 40 అనుకోండి. హద్దు 5 ఉన్న యంత్రంలో అది 8 రెట్లు, గట్టి పాజిటివ్. హద్దు 20 ఉన్నదాంట్లో 2 రెట్లే, తేలిక పాజిటివ్. 2010 వర్గీకరణలో హద్దుకు 3 రెట్లు దాటితేనే ఎక్కువ పాయింట్లు. కాబట్టి అంకెను కాదు, పక్కనున్న హద్దుతో భాగిస్తే వచ్చేదాన్ని చూడండి. వేర్వేరు ల్యాబుల 40, 25లను పక్కపక్కన పెట్టి ‘తగ్గింది’ అనుకోవద్దు.

వీపు కింది భాగంలో, అర్ధరాత్రి దాటాక నిద్రలేపి, నడిస్తే తగ్గే నొప్పి 45 ఏళ్లలోపు మొదలైతే హెచ్ఎల్ఏ-బి27. ఇది యాంటీబాడీ కాదు, జన్యువు. జీవితంలో ఒక్కసారి చాలు. అది ఉన్నవాళ్లలో ఎక్కువమందికి ఆ వెన్నెముక వాపు జబ్బు ఎప్పటికీ రాదు.

రక్తం గడ్డలు, గర్భస్రావాలు: యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షలు

రక్తం గడ్డకట్టడానికి, గర్భస్రావాలకు దారితీసే ఈ యాంటీబాడీల కోసం మూడు కలిపి చేయాలి: లూపస్ యాంటీకోయాగ్యులెంట్, కార్డియోలిపిన్ యాంటీబాడీలు, బీటా-2 గ్లైకోప్రొటీన్ యాంటీబాడీలు, చివరి రెండూ ఐజీజీ, ఐజీఎం రకాల్లో. ఒకసారి పాజిటివ్ వస్తే సరిపోదు. కనీసం 12 వారాలు ఆగి మళ్లీ పాజిటివ్ రావాలి, ఎందుకంటే ఏ వైరస్ జ్వరమైనా వీటిని కొన్నాళ్లు పుట్టించి వదిలేస్తుంది. ఒక్క రిపోర్టుతో జీవితాంతం మందు అని ఎవరైనా అంటే రెండో పరీక్ష తేదీ అడగండి. ఈలోపు ఇచ్చిన మందు మాత్రం మానకండి.

ఈ మూడింట్లో ఎక్కువగా పాడయ్యేది లూపస్ యాంటీకోయాగ్యులెంట్. రక్తం పలచన చేసే వార్ఫరిన్, హెపారిన్, రివరోక్సబాన్, అపిక్సబాన్ వాడుతుంటే ఫలితం తారుమారవుతుంది. రక్తం గడ్డకట్టి ఆసుపత్రిలో చేరిన రోజుల్లో సీఆర్పీ ఎక్కువగా ఉన్నా అంతే. మందు మొదలుపెట్టే ముందే తీయగలిగితే ఉత్తమం. నీలంమూత ట్యూబు నిండా తీసి, 4 గంటల్లోపు రెండుసార్లు సెంట్రిఫ్యూజ్ చేసి ప్లేట్‌లెట్లు దాదాపు లేని ప్లాస్మా వేరుచేయాలి. ఒక్కసారే తిప్పి ఫ్రీజర్‌లో పెడితే మిగిలిన ప్లేట్‌లెట్లు పగిలి, వాటి కొవ్వు పొరలు ఆ యాంటీబాడీని పీల్చేస్తాయి. జబ్బున్న మనిషికి నెగెటివ్ వస్తుంది.

మిగిలిన అవయవాలకు

ముక్కులోంచి రక్తంతో పొక్కులు, తగ్గని సైనస్, దగ్గులో రక్తం, మూత్రంలో రక్తం కలిస్తే ఆంకా (వాస్కులైటిస్‌లో కనిపించే యాంటీబాడీలు). 2017 నుంచి అంతర్జాతీయ సూచన ప్రకారం పీఆర్3, ఎంపీఓ యాంటీబాడీలను నేరుగా కొలవాలి, వట్టి సీ-ఆంకా, పీ-ఆంకా మెరుపు సరిపోదు. టీబీ, గుండె కవాటాల ఇన్ఫెక్షన్, థైరాయిడ్‌కు వాడే ప్రొపైల్‌థయోయురాసిల్ దీన్ని పాజిటివ్ చేస్తాయి.

థైరాయిడ్‌కు యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద తిరగబడే యాంటీబాడీ) ఒకసారి చాలు, ఆ అంకె తగ్గించడానికి మందు లేదు. చూడాల్సింది టీఎస్‌హెచ్. సీలియాక్‌కు (గోధుమ పడని ఆటోఇమ్యూన్ పేగు జబ్బు) టీటీజీ ఐజీఏ యాంటీబాడీతో పాటు మొత్తం ఐజీఏ కూడా కొలవాలి. పుట్టుకతోనే ఐజీఏ లేనివాళ్లకు మొదటిది ఎప్పుడూ నెగెటివే. పరీక్షకు ముందే చపాతీలు మానేసి అన్నంలోకి మారితే నిజమైన జబ్బు కూడా దొరకదు, గోధుమ తింటూనే రక్తం ఇవ్వాలి. సన్నగా ఉండి, మాత్రలకు లొంగని షుగర్ వచ్చిన పెద్దవాళ్లకు జీఏడీ65 యాంటీబాడీ, ఒంట్లో ఇన్సులిన్ ఎంత తయారవుతోందో చూపే సీ-పెప్టైడ్. ఒళ్లు దురదతో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ (కాలేయ పరీక్షల్లో ఒకటి) పెరిగితే ఏఎంఏ యాంటీబాడీ. కాలేయం వాపుకు కారణం తెలియకపోతే ఏఎస్ఎంఏ యాంటీబాడీ, మొత్తం ఐజీజీ.

సాయంత్రానికి కనురెప్పలు వాలి, మాట ముద్దగా మారితే ఏసీహెచ్ఆర్ యాంటీబాడీ. ఒళ్లంతా పాకిన మయస్తీనియాలో (కండరాలు త్వరగా అలసిపోయే ఆ జబ్బులో) దాదాపు 85 శాతం మందికి, కళ్లకే పరిమితమైతే సగం మందికే పాజిటివ్. నెగెటివ్ అయితే తర్వాత మస్క్ అనే మరో యాంటీబాడీ. చూపు పోవడం, కాళ్లు పడిపోవడంలో ఆక్వాపోరిన్-4, మోగ్ యాంటీబాడీలను సెల్ బేస్డ్ (బతికున్న లేదా స్థిరపరచిన కణాల మీద చూసే) పద్ధతిలోనే చేయించాలి. ఎలైసా ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. ఇలాంటి నరాల జబ్బులకు బెంగళూరులో నిమ్హాన్స్ (మెదడు, నరాల జబ్బుల ప్రభుత్వ ఆసుపత్రి) ఉండటం మనకు పెద్ద అండ.

రిపోర్టు చేతికొచ్చాక

పేరు, వయసు తర్వాత చూడాల్సింది ‘పద్ధతి’ అన్న గడి. అది ఖాళీగా ఉన్న యాంటీబాడీ రిపోర్టును డాక్టర్ సరిగా వాడలేరు. ఎన్‌ఏబీఎల్ (ల్యాబుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తు ఉందా, ఉంటే ఆ ప్రత్యేక పరీక్షకు వర్తిస్తుందా చూడండి. గుర్తింపు పరీక్షల వారీగా ఇస్తారు, ఏ ల్యాబుకు ఏ పరీక్షలకుందో ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. పరీక్ష వేరే ఊరి ల్యాబుకు పంపి ఉంటే ఆ పేరు రిపోర్టు మీద ఉండాలి.

రుమటాలజీ విభాగం సెయింట్ జాన్స్ లాంటి బోధనాసుపత్రుల్లోనూ ఉంది. పల్లె నుంచి అమ్మానాన్నలను తీసుకొచ్చేవాళ్లు పాత రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో, పైన ఒకే పేజీలో ఏ నెల ఏ లక్షణం, ఏ మందు అని తెలుగులోనే రాసి పెట్టండి. మీరు ఇంగ్లీషులోనో కన్నడలోనో చెప్పేయొచ్చు, కానీ నొప్పి మాట అమ్మనే చెప్పనివ్వండి. ‘పొద్దున చేతులు కొయ్యబారతాయి నాయనా, పదింటికి గానీ రావు’ అన్న వాక్యాన్ని మనం ‘జాయింట్ పెయిన్’ అని కుదించేస్తే గంటల లెక్క పోతుంది.

మళ్లీ చేయించాల్సినవి, అక్కర్లేనివి వేరు. లూపస్ తేలాక డీఎస్ డీఎన్ఏ, సీ3, సీ4, సీబీపీ, క్రియాటినిన్, మూత్రం డాక్టర్ చెప్పిన వ్యవధిలో, ఎప్పుడూ ఒకే ల్యాబులో, ఒకే పద్ధతిలో చేయించాలి. కీళ్లవాతంలో మందు పనిచేస్తోందా అన్నది ఈఎస్ఆర్, సీఆర్పీ, వాచిన కీళ్ల లెక్క చెబుతాయి. ఏఎన్ఏ టైటర్ జబ్బుతో పాటు పెరగదు, తగ్గదు. కాబట్టి తేలాక ఆరు నెలలకోసారి చేయించడం దండగ. యాంటీ సీసీపీ, బ్లాట్, హెచ్ఎల్ఏ-బి27 కూడా అంతే. ప్రతి చెకప్ ప్యాకేజీలోనూ ఇవి మళ్లీ కనిపిస్తాయి, బుక్ చేసేముందు ఆ వరసల్లో టిక్కు తీసేయమనండి. ఆ డబ్బుతో మూత్రంలో ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి రెండు మూడుసార్లు చేయించుకోవచ్చు.